కువైట్ పెట్టెలో వచ్చిన పురుగు

మొన్నొక ఆదివారం పొద్దున ఫోను తెరిస్తే, "మేడమ్, మీరు లొకేషన్ తప్పు పెట్టినట్టున్నారు, ఒకసారి చూసుకోగలరు" అని ఒకాయన చాలా మర్యాదగా రాసి ఉన్నాడు.

నేను తప్పేమీ పెట్టలేదు. అమలాపురంలో నేను అద్దెకుంటున్న పై వాటాలో, స్నానాలగది బయటి గోడ మీద, లైటు కింద రెక్కల పురుగొకటి వాలి ఉంది. అక్కడే ఫొటో తీశాను, అక్కడే అని పెట్టాను. రెక్కల పురుగుల బొమ్మలు పెడితే వాటి పేర్లు చెప్పే గుంపొకటి ఫోనులో ఉంది. కింద వాటాలో ఉండే కాలేజీ పిల్ల నన్ను అందులో చేర్చింది. కచేరీలో పని ముగించుకుని ఇంటికొచ్చాక నాతో మాట్లాడే మనిషి ఉండదు. టీవీ అంటే తలనొప్పి. అందుకని గోడల మీద వాలినవాటికల్లా ఫొటోలు తీయడం అలవాటు చేసుకున్నాను. ఆ గుంపులో సీతాకోకచిలుకలు పెట్టేవాళ్ళకు మెచ్చుకోళ్ళు దండిగా వస్తాయి. నావన్నీ బూడిదరంగువి, మట్టిరంగువి. వాటిని పట్టించుకునేది ఈయనొక్కడే.

ఆయన ఇంకో ఫొటో అడిగాడు. మొహం దగ్గర్నుంచి కావాలన్నాడు, వెనక రెక్క అంచు కనబడితే మరీ మంచిదన్నాడు. పంపాను. మెడ చుట్టూ పసుపు పట్టీ ఉందా, ముందు రెక్క మీద చుక్క ఒక్కటేనా రెండా అన్నాడు. ఒక్కటే అన్నాను. అచ్చం అలాగే కనబడే జాతులు మరికొన్ని ఉన్నాయట. చుక్కలూ అంచులూ చూసి వాటినన్నిటినీ పక్కకు నెట్టి, చివరికొక లాటిన్ పేరు చెప్పాడు. నాకు నోరు తిరగలేదు. దీని గొంగళి పురుగు ఆకులు తినదట. రాళ్ళ మీద, గోడల మీద, చెట్ల బెరళ్ళ మీద పొలుసులు పొలుసులుగా పట్టే లైకెన్ అనేదాన్ని గీక్కుని తింటుందట. మసాలాలో రాతిపువ్వు వేస్తామే, ఆ బాపతుది. "కాని ఇది పొడి ప్రాంతాల పురుగు మేడమ్. ఎండు నేలలు, బండలు ఉన్నచోట దొరుకుతుంది. కోనసీమలో ఉండకూడదు" అని ముగించాడు.

ఉండకూడదని ఆయనన్నాడు గాని, దానితో నాకు చిన్నప్పటి నుంచీ పరిచయం. పేరు తెలియదు, అంతే.

అప్పట్లో మేము మామిడికుదురుకు కొంచెం అవతల ఉండేవాళ్ళం. మేము అంటే అమ్మమ్మ, మావయ్య, అత్త, నేను. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ కువైట్‌లో ఉండేది. మా చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం అలా వెళ్ళడం అప్పుడే మొదలైంది. మగవాళ్ళు తాపీ పనులకు, డ్రైవర్లుగా వెళితే, ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి వెళ్ళేవారు. నాకు అన్నం కలుపుకోవడం రాకముందు వెళ్ళిన అమ్మ, నాకు చదవడం వచ్చినా రాలేదు. ఆమె మొహం నాకు గుర్తులేదు. గోడకున్న ఫొటో చూసి గుర్తుందనే చెప్పేదాన్ని. లేదంటే అమ్మమ్మ కళ్ళు ఒత్తుకునేది, ఆ గొడవ నాకెందుకని.

అమ్మ అంటే నాకు టేపులోంచి వచ్చే గొంతు. సెలవు మీద వచ్చేవాళ్ళు ఎవరో ఒకరు కేసెట్టు తెచ్చి ఇచ్చేవారు. ఆ సాయంత్రం మావయ్య టేప్ రికార్డరును వసారాలో స్టూలు మీద పెట్టేవాడు. ఇరుగూ పొరుగూ కూడా చాపలు పరుచుకుని చేరేవారు. అత్త అందరికీ కాఫీ ఇచ్చేది. అమ్మ గొంతు ముందు కొంచెం దగ్గేది. తరవాత వరస ప్రకారం పలకరించేది. ముందు అమ్మమ్మ. తరవాత అన్నయ్యగారికి నమస్కారాలు, వదినగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఎదురింటి మావయ్యగారి మోకాళ్ళనొప్పులు, పక్కింటి పిన్నిగారి గేదె ఈనిందా లేదా, ఈసారి కొబ్బరి దింపు ఎలా ఉంది, ఎవరి అమ్మాయికి సంబంధం కుదిరింది. ఎవరిని వదిలేసినా మాటొస్తుందని ఆమె భయం. సొంత పిల్లను ముందు పలకరిస్తే అదింకో మాట. అందుకని నన్ను చివరికి ఉంచేది. నా దగ్గరికి వచ్చేసరికి టేపు అయిపోవచ్చేది. "అమ్మలూ, నువ్వు బుద్ధిగా" అనగానే టక్కున ఆగిపోయేది.

బుద్ధిగా ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పలేదు. చాపల మీదున్నవాళ్ళంతా నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ తరవాత పెరట్లోకి పోయి ప్రహరీ గోడవార కూచునేదాన్ని. ఆ గోడకు పైపూత లేదు. పాత ఇటుకలు, వాటి నిండా బూడిదరంగు పొలుసులు, అక్కడక్కడా లేత ఆకుపచ్చ. గోళ్ళతో వాటిని గీకితే పొడిపొడిగా రాలేవి. ఎవరి మీద కోపం వచ్చినా ఆ గోడనే గీకేదాన్ని. ఎవరి మీద కోపమో తెలియనప్పుడు ఇంకా ఎక్కువ గీకేదాన్ని.

ఒక వేసవిలో కేసెట్టుతోపాటు పెట్టె కూడా వచ్చింది. రాజోలు అవతలి ఊరాయనొకడు సెలవు మీద వస్తూ తన సామానుతో పాటు మోసుకొచ్చాడు. పెద్ద అట్టపెట్టె, నైలాను తాడుతో అడ్డంగా నిలువుగా కట్టేసి ఉంది. కువైట్ పెట్టె విప్పడానికొక పద్ధతి ఉండేది. చుట్టాలకు కబురు పెట్టాలి. అందరూ వచ్చాకే విప్పాలి. లేకపోతే మంచివన్నీ ముందే లోపలేసుకున్నారని అనుకుంటారు. పెట్టె పొద్దున వస్తే సాయంత్రం దాకా నడిమింట్లో అలాగే ఉంది. నేను దాని పక్కనే కూచున్నాను. తాడు మీద చెయ్యి వేస్తే అత్త వేలు చూపించేది.

తాడు కొయ్యగానే ఇల్లంతా ఒక వాసన కమ్ముకుంది. సబ్బులు, పౌడరు, కలరా ఉండలు, వాటన్నిటి అడుగున పొడిగా, ఘాటుగా ఇంకేదో. అది అమ్మ వాసన అని నేను అనుకున్నాను. అందులో పాలపొడి డబ్బాలు, నీళ్ళలో కలిపితే నారింజ రసమయ్యే పొడి, తలనొప్పి మందు సీసాలు, మెరిసే చీరలు ఉన్నాయి. అన్నిటికంటే కింద రెండు ఉన్ని దుప్పట్లు. ఒకదాని మీద గులాబీలు, రెండోదాని మీద పెద్దపులి. మా ఊళ్ళో ఉక్కపోతకు పలచటి పంచె కప్పుకున్నా చెమట కారుతుంది. అయినా వచ్చినవాళ్ళంతా ఆ దుప్పట్లను చెంపకు ఆనించుకుని చూసి, ఎంత వెచ్చగా ఉన్నాయో అన్నారు. పులి దుప్పటి అత్త పుట్టింటికి అనుకున్నారు. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి పట్టుకుని, ఆయ్ వెళ్ళొస్తామండీ అని వెళ్ళిపోయారు. నాకొక గౌను వచ్చింది. అది అప్పటికే పొట్టి. నేను ఎంత పెరిగానో అమ్మకు ఎలా తెలుస్తుంది?

నేను అడిగింది ఖాళీ పెట్టెను. ఆవకాయ జాడీలు పెట్టుకుంటానని అత్త అంది గాని, అమ్మమ్మ నాకే ఇప్పించింది. దాన్ని నా మంచం కిందకు తోసుకున్నాను. మధ్యాహ్నాలు అందరూ నిద్రపోతున్నప్పుడు బయటికి లాగి, అందులో తల పెట్టి పడుకునేదాన్ని. వాసన రోజురోజుకూ తగ్గిపోతోందని దిగులు పట్టుకుంది. మూతలు మూసి ఉంచితే నిలుస్తుందేమోనని, కొంచెం కొంచెం తెరిచి పీల్చి మళ్ళీ మూసేదాన్ని.

అలా తెరిచినప్పుడే ఒకరోజు అట్ట మడతలో అది కనబడింది. నా వేలిగోరంత ఉంది. రెక్కలు ఒకదాని మీదొకటి మడిచి, ఒంటికి చుట్టుకుని, మూసిన గొడుగులా ఉంది. బూడిదరంగు. రెక్కకొక నల్లచుక్క, మెడ దగ్గర పసుపు. దీపం దగ్గరికి వచ్చే పురుగులన్నిటినీ నేనెరుగుదును. బియ్యం డబ్బాలోంచి లేచేవి వేరు, వానాకాలం మొదట్లో వచ్చి అన్నంలో పడేవి వేరు. ఇది వాటిలో ఏదీ కాదు. అది కువైట్ నుంచి వచ్చిందని నాకు క్షణంలో తెలిసిపోయింది. మరోలా అయ్యుండవచ్చన్న ఆలోచనే రాలేదు.

అత్త చూడనే చూసింది. పెట్టె తెచ్చినాయన వెళ్తూ వెళ్తూ, ఉన్నిని తినే పురుగుంటుంది జాగ్రత్తండీ అని ఒక మాట అని పోయాడు. ఉన్ని బట్ట ఎరగని ఇల్లు మాది. దాన్ని తినే పురుగు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. పైగా ఇది కనబడింది దుప్పట్లు వచ్చిన పెట్టెలో. ఇంకేముంది, ఇదే అది అని తేల్చేశారు. దుప్పట్లు రెండూ మండువేసవి ఎండలో దండెం మీదికి ఎక్కాయి. మావయ్య కర్రతో పులిని కొడుతుంటే దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. కలరా ఉండలు మళ్ళీ తెప్పించి మడత మడతకూ పెట్టారు. అత్త ఆ పురుగు కోసం చీపురు పట్టుకుని ఇల్లంతా గాలించింది. అది అప్పటికే నా దగ్గర ఖాళీ పాలపొడి డబ్బాలో, పైన గుడ్డ కట్టి, భద్రంగా ఉంది.

ఏం పెట్టాలో తెలియలేదు. అందరూ ఉన్ని తింటుందంటున్నారు కదా అని, దండెం మీదున్న పులి చెవి దగ్గర కత్తెరతో కొంచెం కత్తిరించి పెట్టాను. ముట్టలేదు. పంచదార నీళ్ళు, పాలపొడి, నేను తింటున్న తాటిముంజె ముక్క, కొబ్బరిపచ్చడి అన్నం కూడా పెట్టాను. దేన్నీ ముట్టలేదు. డబ్బాలో వేసిన అట్టముక్క మీద మాత్రం ఆవగింజల కంటే చిన్న గుడ్లు పెట్టి, ఒకరోజు పొద్దున్నకి చచ్చిపోయింది. నేను అన్నం తినకుండా ఏడ్చాను. ఎందుకో చెప్పమంటే చెప్పలేదు. పులి చెవి సంగతి బయటపడి ఉంటే అందుకే ఏడుస్తున్నాననైనా అనుకునేవాళ్ళు, అదీ బయటపడలేదు. చచ్చినదాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకున్నాను.

గుడ్లు పగిలి వెంట్రుకల్లాంటివి కదులుతుంటే నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. వీటికేం పెట్టాలి? వేరే చోటు తోచక, ఆ అట్టముక్కను తీసుకెళ్ళి నేను కూచునే గోడలో, ఇటుకల సందున దూర్చాను. అవీ పోతాయనే అనుకున్నాను. తరవాత కొన్ని రోజులకు, పళ్ళపొడి అరచేతిలో వేసుకుని పొద్దున్నే పెరట్లోకి వెళితే, గోడ మీద బూడిద పొలుసుల్లో సన్నటి దారులు కనబడ్డాయి. దారి చివర బొచ్చు పురుగొకటి తలాడిస్తూ తింటోంది. నేను కోపమొచ్చినప్పుడల్లా గీకి పారేసిన దాన్ని అది ఇష్టంగా తింటోంది.

ఆ రోజుల్లోనే మావయ్య అమ్మమ్మతో అన్న మాటొకటి నా చెవిన పడింది. మా ఊరివాళ్ళు ఒకరు తిరిగొచ్చి, ఉండలేక మళ్ళీ కువైట్ వెళ్ళిపోయారు. వాళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు.

"అక్కడ అలవాటు పడ్డవాళ్ళు మళ్ళీ ఇక్కడ నిలబడరమ్మా. ఈ ఉక్క, ఈ దోమలు, ఈ చెమ్మ పడవు. వచ్చినోళ్ళలో ఎవరు నిలబడ్డేరో చెప్పు. ఇదీ అంతే. వస్తుంది, ఎళ్ళిపోతుంది."

ఇది అంటే అమ్మ. అమ్మమ్మ పనసపొట్టు కొడుతూ ఉండిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నుంచి గోడ మీదే ప్రాణమంతా. అక్కడి పురుగు ఇక్కడ నిలబడితే అమ్మా నిలబడుతుంది. ఇక్కడి గోడ దానికి పడితే ఇక్కడి అన్నం అమ్మకూ పడుతుంది. ఇది నాకు నేను వేసుకున్న లెక్క. ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారు.

ఇక చూడండి నా కాపలా. చీమలు వస్తే పసుపు గీత గీసేదాన్ని. బల్లిని పుల్లతో అదిలించేదాన్ని. తొలకరి వాన కొట్టినప్పుడు బడి నుంచి పుస్తకాలు తడుపుకుంటూ పరిగెత్తుకొచ్చి, గోడకు కొబ్బరాకు చాప ఆనించాను. అమ్మమ్మ చూసి, గోడకు చలేస్తోందా అని అడిగింది. వేస్తోందన్నాను. పిల్లకు తోడు లేక ఇలా అయిపోతోందని అత్తతో అంటే, అత్త నాకు ఆ పూట మినపరొట్టె పెద్దముక్క పెట్టింది. అత్త చెడ్డదేమీ కాదు. ఆమెకు దుప్పట్ల బెంగ ఆమెది.

అమ్మకు జవాబు కేసెట్టు పంపాల్సివచ్చింది. మళ్ళీ వసారా, మళ్ళీ చాపలు. ఈసారి మాట్లాడ్డం మా వంతు. వరస మాత్రం అదే. పెద్దవాళ్ళు, ఎదురిల్లు, పక్కిల్లు, గేదె. నేను స్టూలు పక్కన నిలబడి, టేపు చక్రం సన్నబడుతుంటే చూస్తూ, చెప్పాల్సింది లోలోపల కుదించుకుంటూ ఉన్నాను. నా వంతు వచ్చాక, "అమ్మా, మన పెరట్లో గోడ మీద ఒకటి ఉంది, అదీ" అన్నాను. టక్కుమంది. ఇంకో టేపు లేదు. మావయ్య దాన్ని తీసి కాగితంలో చుట్టేశాడు.

గోడ మీద చాలా పురుగులు మాయమయ్యాయి. మిగిలినవి ఇటుకల సందుల్లో సన్నటి గూళ్ళు కట్టుకుని కదలకుండా పడున్నాయి. పోయాయనే అనుకున్నాను. వానలు బాగా పడుతున్నప్పుడు, ఒక పొద్దున గోడ మీద తడి లేని చోట ఒకటి వాలి ఉంది. అగ్గిపెట్టె తెచ్చి పక్కన పెట్టి చూశాను. మడిచిన రెక్కలు సరే. రెక్కకు చుక్క, ఒక్కటే. మెడకు పసుపు ఉంది. అదే. మళ్ళీ అదే. పెరడంతా గెంతాను.

బడిలో సైన్సు మాస్టారికి కూడా చూపించాను, పెద్దవాళ్ళ నోటి మాట కూడా ఉంటే గట్టిగా ఉంటుందని. ఆయన అగ్గిపెట్టెను దూరంగా పెట్టి చూసి చిమ్మట అన్నారు. ఏ ఊరిదండీ అని అడిగాను. పురుగుకు ఊరేమిటే పిచ్చిపిల్లా, రెక్కలుంటే ఎక్కడికైనా పోతుంది అని నవ్వి పంపేశారు. నాకది జవాబులా అనిపించలేదు.

అమ్మ వస్తోందన్న కబురు దసరా ముందర వచ్చింది. వచ్చింది అన్నంతసేపు లేదు, ఇంట్లో పనులు మొదలయ్యాయి. కువైట్ నుంచి మనిషి వస్తోందంటే ఇంటికి సున్నం పడాల్సిందే. చూడ్డానికి జనం వస్తారు. గుల్ల సున్నం తెచ్చి తొట్టిలో నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికింది. నీలిమందు కలిపారు. సున్నం వేసే మనిషి ఇల్లంతా వేసుకుంటూ పెరట్లోకి వచ్చి, ముందుగా కొబ్బరి పీచుతో ప్రహరీ గోడను రుద్దడం మొదలుపెట్టాడు. పొలుసులన్నీ పొడి పొడిగా రాలుతున్నాయి.

నేను వెళ్ళి గోడకు అడ్డంగా నిలబడ్డాను. వద్దని మాత్రం అనలేకపోయాను. ఆ సున్నం అమ్మ వస్తోందని వేస్తున్నది. వద్దంటే అమ్మను రావద్దన్నట్టు అవుతుందేమోనని భయం వేసింది. అమ్మమ్మ వచ్చి, మీ అమ్మ వచ్చేసరికి గోడ గజ్జి పట్టినట్టుంటే ఏం బాగుంటుంది అంది. అదీ నిజమే అనిపించింది.

"అమ్మాయిగారూ, కొంచెం పక్కకి జరగండి. కళ్ళల్లో పడుద్దండి" అన్నాడు అతను.

జరిగాను. సాయంత్రానికి గోడ నీలపు తెలుపుతో మెరిసిపోయింది. కింద రాలిన పొడిలో వెతికితే రెక్కల పురుగొకటి దొరికింది. దాన్నీ అగ్గిపెట్టెలోనే పెట్టాను. ఆ రోజంత ఒంటరితనం నాకు ఆ తరవాత కూడా కొన్నిసార్లే తెలుసు.

అమ్మ టాక్సీలో వచ్చింది. లావుగా, తెల్లగా పాలిపోయి ఉంది. నన్ను దగ్గరకు తీసుకుంటే పెట్టె వాసన వచ్చింది. నా లెక్క తప్పిందన్న బెంగతోనే ఆ వాసన పీల్చుకున్నాను. ఆమె వచ్చిన దగ్గర్నుంచీ ఇంటి నిండా జనం. కువైట్ ఎలా ఉంటుందని అందరిదీ ఒకటే ప్రశ్న. రోడ్లు అద్దంలా ఉంటాయండీ, మొహం చూసుకోవచ్చు. మేడలు ఆకాశాన్ని అంటుతాయండీ. సముద్రం పక్కన దీపాలు బారులు తీరి ఉంటాయండీ. అమ్మ ఎంత బాగా చెప్పేదంటే, వినేవాళ్ళు నోళ్ళు తెరుచుకుని, ఆయ్, ఆయ్ అంటూ ఉండేవారు. నేను గుమ్మం పక్కన నిలబడి విని, ఇంత గొప్ప ఊరు వదిలి ఇక్కడెందుకు ఉంటుంది అని కుంగిపోయేదాన్ని.

ఆమె కోసమని అమ్మమ్మ పనసాకు బుట్టలు కుట్టి, వాటిలో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వండింది. అమ్మ వాటిని పొయ్యి పక్కనే నిలబడి తింది. కూచోవే అని అమ్మమ్మ ఎంత అన్నా, కూచున్నట్టే కూచుని మళ్ళీ లేచిపోయింది. తాగిన గ్లాసు అప్పటికప్పుడే కడిగి బోర్లించేది. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడి నిలబడేది.

ఒక మధ్యాహ్నం అందరూ పడుకున్నారు. అమ్మ పెరటి గుమ్మం లోపల నిలబడి బయటికి చూస్తోంది. నన్ను చూసి దగ్గరికి పిలిచింది.

"గోడ మీద ఒకటి ఉందన్నావు కదమ్మా. టేపు అక్కడే ఆగిపోయింది. అదేవిటో అని ఎంత బెంగ పెట్టుకున్నానో. పావేమో, తేలేమో అనుకున్నాను."

నా మాట ఒకటి ఆమె దగ్గర అన్నాళ్ళు ఉందన్నమాట. పరిగెత్తి అగ్గిపెట్టె తెచ్చి ఆమె అరచేతిలో ఒంపాను. ఇది మీ ఊరిదే కదా అన్నాను.

"మా ఊరా?"

"కువైట్. నీ పెట్టెలో వచ్చింది. అక్కడ ఉంటాయి కదా ఇవి? చూసి చెప్పు."

ఆమె వెలుగుకేసి తిరిగి చాలాసేపు చూసింది. ఆమెకు తెలుస్తుందనే నా నమ్మకం. ఆమె ఔనంటే చాలు, ఈ గోడ మీద అవెలా బతికాయో అంతా చెప్పి, నువ్వూ ఉండిపో అని అడుగుదామని.

"నాకు తెలీదమ్మా" అంది. "అక్కడ నేనేవీ చూళ్ళేదు. విమానం దిగేక కారులో కూచోబెట్టి ఇంటికి తీసుకెళ్ళేరు. మొన్న మళ్ళీ అదే కారులో దింపేరు. మధ్యలో వంటిల్లు, ఇస్త్రీ గది. ఇస్త్రీ గది కిటికీలోంచి ఎదురింటి గోడ కనపడేది. అంతే."

మరి రోడ్లు, మేడలు, సముద్రం అన్నాను.

"ఆ ఇంటి డ్రైవరు మన రాజోలు వైపాయనే. ఆయన చెప్పేవాడు. అదే వీళ్ళకి చెప్తున్నాను. వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా. అక్కడ చెత్త పడెయ్యడానికి తలుపు తియ్యాలన్నా అడిగే తియ్యాలి, అమ్మలూ."

ఉండిపోవా అని అడిగాను. సెలవు మీదే వచ్చానంది. పురుగులను ఒక్కొక్కటిగా వేళ్ళతో తీసి అగ్గిపెట్టెలో పెట్టి, మూత మూసి, నా చేతికిచ్చింది. ఇల్లు కట్టాలి, నన్ను చదివించాలి అని ఇంకా ఏమేమో చెప్పింది. నేను వినలేదు. సంక్రాంతి రాకముందే అదే టాక్సీలో వెళ్ళిపోయింది. తరవాత టేపుల్లో కూడా నా వంతు చివరే. కాకపోతే ఆ తరవాత ఆమె రోడ్ల గురించీ మేడల గురించీ చెబుతుంటే నేనక్కడ కూచునేదాన్ని కాదు.

ఆ పురుగు నిజంగా అమ్మ పెట్టెలోనే వచ్చిందో, మా గోడదే పెట్టెలో దూరిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోనులో ఆయనను అడిగితే, రెండూ జరగొచ్చండీ, చెప్పలేం అన్నాడు. అడగడానికి అమ్మ లేదు. ఉన్నా ఆమెకు తెలియదు.

అమ్మ పూర్తిగా వచ్చేసేసరికి నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చి చాలాకాలమైంది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక పని చెయ్యలేదని ఆ కువైట్ ఇంటివాళ్ళే పంపేశారు. అప్పటికి అమ్మమ్మ లేదు. అమ్మ చివరిదాకా నా దగ్గరే ఉంది. ఇద్దరం ఒకరితో ఒకరం ఎంతో మర్యాదగా ఉండేవాళ్ళం, అదే బాధ. నాకు ఏ కూర ఇష్టమో ఆమెకు తెలియదు. ఆమె ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో నాకు తెలియదు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళలా, నీళ్ళు మీరు పట్టుకుంటారా ముందు, మమ్మల్ని పట్టుకోమంటారా అన్నట్టుండేది.

అప్పుడు నేనుండే ఇల్లు రోడ్డు పక్కనే. ఆమె వచ్చిన మర్నాడు సాయంత్రం నేను కచేరీ నుంచి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. అమ్మ గుమ్మానికి లోపల నిలబడి ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఉంది. రోడ్డు మీద సైకిళ్ళు, బడి వదిలిన పిల్లలు, కొబ్బరిబొండాల బండి, అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. ఆ మోకాళ్ళతో ఎంతసేపటి నుంచి అలా నిలబడిందో తెలియదు.

"కాసేపు బయట కూచుంటానమ్మా" అంది. నా మొహంలోకి చూసి, "కూచోవచ్చా?" అంది.

"నన్నడగాలా అమ్మా" అన్నాను.

"అడగక్కర్లేదా" అంది. నేను లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాను. వచ్చి కూచుంది.

మర్నాడు మళ్ళీ అడిగింది. బతికున్నన్నాళ్ళూ, రోజూ అడిగింది.